జమ్ములంకలో డెబ్బై పడవలు

యోబును పోలీసులు పట్టుకున్నారన్న కబురు వచ్చేసరికి వరదానం మాస్టారు గడ్డం గీసుకుంటున్నాడు. కబురు తెచ్చింది పుస్తకాలు కుట్టే అబ్దుల్ జబ్బార్. పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, ఊపిరి అందడం లేదు.

"కాలువ లాకు దగ్గర సోదా చేశారండీ. తలపాగాలో మీరిచ్చిన పటం దొరికింది. ఎవరు గీశారంటే నోరు విప్పట్లేదండీ వాడు. కొడుతున్నారు."

"పటమే కదా, చెప్పేయొచ్చుగా?"

"అది కొల్లేట్లో తిరుగుబాటు పటం అంటున్నారండీ! రెండు పడవల్లో రిజర్వు పోలీసులు తుపాకులతో ఎక్కుతున్నారు. పన్నెండింటికల్లా యోబు వాళ్ల జమ్ములంక మీద పడతారట."

వరదానం చేతిలో కత్తి ఆగిపోయింది.

1938 జూన్ అది. స్పెయిన్‌లో అంతర్యుద్ధం దాదాపు రెండేళ్లుగా సాగుతోంది. ఏలూరులో పేపరు చదివేవాళ్లంతా మాడ్రిడ్ గురించి, బార్సిలోనా గురించి మాట్లాడుకుంటారు. మిషన్ స్కూల్లో జాగ్రఫీ చెప్పే వరదానం కన్ను మాత్రం ఎవరికీ పట్టని ఒక మూల మీద పడింది. ఉత్తరపు సరిహద్దులో బీల్సా అనే కొండలోయ. ఏప్రిల్ నుంచీ అక్కడ ఏడు వేలమంది స్పెయిన్ సర్కారు సైనికులు చిక్కుకుపోయి ఉన్నారు. మూడు వైపులా శత్రువు, వెనక మంచుకొండలు, వాటి అవతల ఫ్రాన్సు. అయినా లొంగలేదు. పేపర్లో వారానికోసారి, ఏ మూలనో రెండు లైన్లు వస్తాయి. ఆ లైన్లు నోటుబుక్కులో ఎక్కించుకోవడం, పాత అట్లాసులో వెతుక్కోవడం, సాయంత్రం జబ్బార్ దుకాణం అరుగు మీద చేపల పడవలవాళ్లకి కథలాగా చెప్పడం, ఇదీ అతని పని.

జమ్ములంక యోబుకి ఆ కథ మహా ఇష్టం. లంకలో వాళ్లకీ చెబుతానని పటం అడిగాడు. కానీ యోబు పుట్టి బుద్ధెరిగి కొండ చూడలేదు. అందుకని వరదానం స్కూల్లో పిల్లలకు చెప్పే పద్ధతిలోనే, తెలియని చోటును తెలిసిన చోటు మీద పరిచి గీశాడు. లోయకు బదులు జమ్ములంక. మంచుకొండలకు బదులు కొల్లేటి నీరు సముద్రానికి పోయే ఉప్పుటేరు. వందమంది సైనికులకు ఒక పడవ చొప్పున డెబ్బై పడవలు. మూడు వైపులా ఫిరంగులు. యోబుకి చదువు రాదు కనుక ఏది దేనికి గుర్తో నోటితోనే చెప్పాడు, కాగితం మీద రాయలేదు.

నాలుగు రోజుల కిందటే కొల్లేటి ఒడ్డున ఎవరో కొత్త గట్టు తెగ్గొట్టారు. అది లంకవాళ్ల పనేనని మండిపడుతున్న ఇన్‌స్పెక్టరు బాపిరాజు చేతికి ఈ పటం చిక్కింది.

"నా నోటుబుక్కు చూపిస్తే సరిపోతుంది. నీ దుకాణంలోనే ఉందిగా?" అన్నాడు వరదానం.

జబ్బార్ తల దించుకున్నాడు. "పోలీసులొస్తారని భయపడి జిగురు కాచే పొయ్యిలో పెట్టేశానండీ. మీకు మంచి జరుగుతుందనుకున్నాను."

లోపలినుంచి వరదానం భార్య సువర్ణ వచ్చింది. "ఏవండీ, పది గంటల బండికి గూడెం వెళ్లిపోండి. మా అన్నయ్య ఇంట్లో నాలుగు రోజులుండండి. రాజకీయాల జోలికి పోనని స్కూలుకి సంతకం పెట్టిచ్చారు. పేరు బయటపడితే ఉద్యోగం, ఈ క్వార్టరు రెండూ పోతాయి."

"లంక మీద పడితే ప్రాణాలు పోతాయే," అని మొహం తుడుచుకుని బయలుదేరాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుగ్గా ఉంది.

కాలువ పక్కనే ఉన్న పోలీసు స్టేషన్లో బాపిరాజు అంతా విన్నాడు. విని నవ్వాడు.

"పటంలో కొల్లేరు కళ్లకు కట్టినట్టుంటే స్పెయినంటారేంటి మాస్టారూ? నేనూ రోజూ పేపరు చదువుతానండీ. బీల్సా అన్న పేరు ఒక్కసారీ చూడలేదు. ఎక్కడుందండీ అది, మీ బుర్రలోనా?"

"పేపర్లో మూలన వేస్తారండీ. పడవలు ఒక్క గంట ఆపించండి."

"ఆ గంటలో వాళ్లు తుపాకులు నీళ్లలో పారేస్తారు." కిటికీలోంచి కాలువ వైపు చేయెత్తి ఊపాడు. మొదటి పడవ తాడు విప్పారు.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ జబ్బార్ గొంతు సవరించుకున్నాడు.

"అయ్యగారండీ, మీ స్టేషను రిజిస్టర్లు నేనే కుట్టి కట్టానండీ."

"అయితే?"

"అట్టలు నేనే చేసుకుంటానండీ. పాత పేపర్లు పొరలు పొరలుగా అంటించి. మాస్టారు చదివేసిన పేపర్లన్నీ నాకే ఇస్తారు. పోయిన నెల కట్టినవి మూడున్నాయి మీ బీరువాలో. ఏదో ఒకదాన్లో ఆ బీల్సా వార్త ఉండి తీరాలి."

"గవర్నమెంటు రిజిస్టర్లు చింపుతావురా?"

"మళ్లీ కట్టిస్తానండీ, ఊరికేనే."

బాపిరాజు వద్దనలేదు. జబ్బార్ తడిగుడ్డ అద్ది, చాకుమొనతో మొదటి అట్ట పొరలు విప్పాడు. బట్టల మిల్లు ప్రకటనలు, క్రికెట్టు స్కోర్లు. రెండోది విప్పాడు. బియ్యం ధరలు. బయట రెండో పడవ కూడా కదిలింది. గడ కర్రలు నీళ్లలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

మూడో అట్ట జిగురు గట్టిగా పట్టేసింది. లాగితే చిరుగుతోంది. "మెల్లగా, మెల్లగా" అంటూ వరదానం గోటితో తనూ పట్టాడు. నాలుగో పొర కింద, సబ్బు ప్రకటన పక్కన, రెండంగుళాల వార్త.

బాపిరాజు కళ్లజోడు పెట్టుకుని ఇంగ్లీషులో పైకే చదివాడు. ఫ్రెంచి సరిహద్దు. బీల్సా లోయ. ఏడు వేలమంది. మూడు వైపులా ముట్టడి. చదువుతూ ఒక వేలు పటంలోని పడవల మీద నడిపించాడు. పది, ఇరవై, డెబ్బై.

"వందకో పడవా?"

"అవునండీ."

బాపిరాజు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఒక తెల్లకాగితం ముందుకు తోశాడు.

"పటం నేనే గీశాను, వార్తలు జనానికి నేనే చెబుతున్నాను అని రాసి సంతకం పెట్టండి. నకలు మీ స్కూలు మేనేజరుకి పోతుంది. లేదంటే ఈ పేపరు ముక్క నేను చూడలేదు, పడవలు వెళుతున్నాయి."

వరదానం కలం తీసుకున్నాడు. గబగబా రాశాడు. సంతకం మీద సిరా ఆరకముందే బాపిరాజు బయటున్న కానిస్టేబులుకి కేక పెట్టాడు.

"వెంకట్రాజూ! సైకిలేసుకో! లాకు తలుపు మూయించు, పడవలు దాటకూడదు!"

యోబును విడిచిపెట్టారు. పెదవి చిట్లి, ఒక కన్ను వాచిపోయి ఉంది. ముగ్గురూ కాలువగట్టు వెంట పరుగులాంటి నడక నడిచారు. అరమైలు దూరంలో లాకు తలుపు మూసి ఉంది. తలుపు ముందు రెండు పడవలూ మొహం తిప్పుకుంటున్నాయి. తుపాకులు ఒళ్లో పెట్టుకున్న పోలీసులు వెంకట్రాజును బూతులు తిడుతున్నారు. ఎండలో ఇంతదూరం తీసుకొచ్చి వెనక్కి తిప్పుతావా అని.

యోబు గట్టు మీద కూలబడ్డాడు. పెదవి మీద నెత్తురు తుడుచుకున్నాడు.

"మాస్టారండీ, ఇంకో పటం గీసివ్వండి. ఈసారి మా లంక గీయకండి. ఆ ఇన్‌స్పెక్టరుగారి ఊరు గీయండి."

జబ్బార్ పకపకా నవ్వాడు. వరదానం కూడా నవ్వబోయాడు.

"ఇంతకీ ఆ ఏడు వేలమందీ కొండ దాటారాండీ?" అన్నాడు యోబు.

"తెలీదు యోబూ. వారం నుంచీ ఏ వార్తా లేదు."

"దాటుంటార్లెండి. వెనక దారుందన్నారుగా."

వరదానం అతని భుజం తట్టాడు. క్వార్టరు ఖాళీ చేయాలని సువర్ణకు ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచిస్తూ ఇంటిదారి పట్టాడు.