సీరియల్ మధ్యలో కల్లు దొప్ప

సోములమ్మకు ప్రేమ కావాలి. తనకోసం కాదు లెండి, ఆ వయసు దాటిపోయిందని ఆవిడే ఒప్పుకుంటుంది. టీవీలో కావాలి. హుకుంపేట దాటి కొండెక్కితే వచ్చే ఆ చిన్న ఊళ్ళో పొద్దుగూకిందంటే చాలు, కాఫీ తోటలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, కాళ్ళు కడుక్కుని, టీవీ ముందు పీట వేసుకునేది. ఆ పీట మీద కూర్చున్న మనిషిని లేపడం ఎవరి తరమూ కాదు.

కుటుంబ సీరియళ్ళంటే ఆవిడకు చచ్చేంత చిరాకు. అయినా ఒక్కటీ వదిలేది కాదు. అత్త పాలల్లో ఏదో కలుపుతుంది, తోటికోడలు తలుపు సందులోంచి చూస్తుంది, ఇంటిల్లిపాదీ పట్టుచీరల్లోనే పడుకుని పట్టుచీరల్లోనే లేస్తారు. అంత నగల బరువుతో ఆ ఆడపిల్లలకు నిద్ర ఎలా పడుతుందో సోములమ్మకు అంతుపట్టేది కాదు. కానీ ఆ ఏడుపులన్నిటి మధ్యా ఎక్కడో ఒకచోట హీరో, హీరోయిన్ చేతిలోంచి కాఫీ కప్పు అందుకుంటాడు. వేళ్ళు తగులుతాయి. ఇద్దరూ చూసుకుంటారు. ఆ కాస్త చూపు కోసం ఆవిడ మిగతాదంతా భరించేది. మునక్కాడ తినడం లాంటిదే అది, గుజ్జు మింగి పిప్పి ఊసేయడమే.

కామెడీ షోలను మొదట్లో దగ్గరికి రానిచ్చేది కాదు. మీసాలున్న మగాళ్ళు చీరలు కట్టుకుని గెంతితే నవ్వాలా అని తిట్టేది. ఒక వానాకాలం జ్వరంతో మంచాన పడి, ఛానల్ మార్చే ఓపిక లేక వాటిని చూసింది. చూసి కొత్త సంగతి కనిపెట్టింది. ఆ స్కిట్లలో మొగుడూ పెళ్ళాం పొద్దస్తమానం తిట్టుకుంటారు, చీపుళ్ళు విసురుకుంటారు, ఆఖరికి ఒకే కంచంలో తింటారు.

"ఇదీ పేమేనే స్వర్ణా. కాకపోతే కారం ఎక్కువేసినారు" అని కూతురికి తేల్చి చెప్పేసింది. ఆనాటి నుంచి కామెడీ కూడా ఆవిడ లెక్కలో ప్రేమకథే అయిపోయింది.

స్వర్ణ ఆవిడకు ఆఖరి కూతురు. హుకుంపేటలో మందుల షాపులో పనిచేస్తుంది. ఈ పిల్ల మనసులో రవిబాబు ఉన్నాడని తల్లి ఎప్పుడో పసిగట్టింది. రవిబాబు డిష్‌లు బిగించే కుర్రాడు. వాళ్ళింటి కప్పెక్కి డిష్ తిప్పుతూ "బొమ్మ వొచ్చినాదా?" అని పైనుంచి అరిస్తే, కింద స్వర్ణ "వొచ్చినాది" అని చెప్పడానికి టీవీ వైపు చూడకుండా కప్పు వైపే చూసేది. ఇంకేం కావాలి? ఇంట్లోనే సీరియల్!

అప్పటినుంచి ఆ ఇంటి డిష్‌కు ఏదో ఒక రోగం పట్టుకునేది. సోములమ్మే నిచ్చెన వేసుకుని బోల్టు కాస్త వదులు చేసి, దిగి, చీర సర్దుకుని, "ఓలమ్మో, మళ్ళీ పోయినాదే టీవీ. ఆ గుంటడికి బేగి ఫోన్ కొట్టు" అనేది. మొదటిసారి వచ్చినప్పుడు రవిబాబు మర్యాదగా "పిన్నీ" అని పిలిచాడు. సోములమ్మ గతుక్కుమంది. పిన్ని కొడుకైతే పిల్లకు అన్న అయిపోతాడు, కథ అక్కడే ముగిసిపోతుంది.

"పిన్నేటి? అత్తా అను" అంది వెంటనే.

వాడు అత్తా అన్నాడు. అనడం వరకే. సీరియల్ హీరోకు మల్లే నోరు విప్పడు. ఒకరోజు వచ్చినవాడు మాత్రం డిష్‌ను పట్టుబట్టి బిగించి, "ఇంక తుపానొచ్చినా కదల్దు అత్తా" అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. కొంప అంటుకున్నది ఆ సాయంత్రమే.

ఆ రోజు టీవీలో బొమ్మ అద్దంలా వస్తోంది. ఏడాదిగా నోరు విప్పని హీరో ఆ పూట మనసులో మాట చెప్పబోతున్నాడని ముందురోజే ఊరించి వదిలారు. సోములమ్మ అప్పటికే పీట మీద ఉంది. భర్త భీముడు ఓ మూల కూర్చుని బుట్ట అల్లుకుంటున్నాడు. స్వర్ణ ఇంకా షాపు నుంచి రాలేదు. సరిగ్గా అప్పుడే పక్క కొండ మీది ఊరి నుంచి గాసి, అతని భార్య యర్రమ్మ, గాసి తమ్ముడు దిగారు. గాసి భుజాన జీలుగు కల్లుతో నిండిన సొరబుర్ర ఉంది.

ఆ ఊళ్ళలో సంబంధం అడగరు. కల్లు బుర్ర తెచ్చి నట్టింట్లో పెడతారు. అడ్డాకు దొప్పలో కల్లు పోసి పిల్ల తల్లి ముందు ఉంచి, పెళ్ళిమాట తప్ప లోకంలో ఉన్న మాటలన్నీ మాట్లాడతారు. వాన గురించి, చోడి పంట గురించి, ఎవరి మేక ఎక్కడ తప్పిపోయిందో దాని గురించి. ఆ దొప్ప వైపు గుచ్చి చూడ్డం కూడా మర్యాద కాదు. తల్లి దొప్పెత్తి తాగిందా, పిల్లను ఇచ్చినట్టే. ముట్టుకోలేదా, వచ్చినవాళ్ళు కోపం లేకుండా బుర్ర భుజానేసుకుని వెళ్ళిపోతారు. ఈ కట్టుబాటు సోములమ్మకు తెలియనిది కాదు. పెద్ద కూతుళ్ళ కోసం వచ్చిన బుర్రలను ఎన్నింటిని వెనక్కి సాగనంపిందో ఊరందరికీ తెలుసు.

"వీళ్ళకు ఈ ఏలే దొరికిందా!" అనుకుంది. గాసి కొడుకు మంగ్లు మంచివాడే. కాకపోతే నవ్వడు, టీవీలో వార్తలు తప్ప ఇంకేమీ చూడడు. దొప్ప ముట్టుకోకూడదని గట్టిగా అనుకునే కూర్చుంది.

అంతలో హీరో హీరోయిన్ చెయ్యి పట్టుకున్నాడు.

సోములమ్మ గొంతు ఎండిపోయింది. హీరో కళ్ళల్లో నీళ్ళు, హీరోయిన్ కళ్ళల్లో నీళ్ళు, వెనక వయొలిన్లు. ఆవిడ చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్ళింది. చల్లగా, తియ్యగా ఏదో గొంతులోకి దిగింది. ప్రాణం హాయిగా ఉంది. అప్పుడు పళ్ళపొడి ప్రకటన వచ్చింది. సోములమ్మ కిందికి చూసింది. దొప్ప ఖాళీగా ఉంది.

"మా మాట నిలబెట్టినావు సెల్లీ!" అంటూ గాసి లేచి భీముడి చేతులు పట్టుకున్నాడు. "శనారం రెండో బుర్ర తెత్తాం. లగ్గం పెట్టీసుకుందుం బావా."

ఇంటికొచ్చి సంగతి విన్న స్వర్ణ అరవలేదు. అరిచినా బాగుండేది. "టీవీలో గుంటకి పెళ్ళి కుదిరితే సాల్లే నీకు. నేనేటైపోతే నీకేటమ్మా?" అని గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు రవిబాబు వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. డిష్‌కు ఏ రోగమూ లేకపోయినా కప్పెక్కి కాసేపు కూర్చుని దిగాడు. "సంత ఎల్లిపోనాక మావోళ్ళని పంపుదుం అనుకున్నాను అత్తా" అన్నాడు. సోములమ్మకు తనను తానే చీపురుతో కొట్టుకోవాలనిపించింది. ఊళ్ళో ఎవరి ప్రేమకథకైనా ఏడ్చే మనిషి, కన్నకూతురి కథకు తనే విలన్ అయి కూర్చుంది.

అయితే ఇన్నేళ్ళు టీవీ చూసింది ఊరికేనా? ముందుగా కుటుంబ సీరియల్ దారి పట్టింది. సీరియళ్ళలో పెళ్ళి ఆగాలంటే పెద్దవాళ్ళెవరో గుండె పట్టుకుని పడిపోవాలి. సోములమ్మ గుండె పట్టుకుని, పడటానికి మెత్తటి చోటు చూసుకుని, గడ్డివాము పక్కన పడిపోయింది. కబురు పక్క కొండకు చేరేలా చూసుకుంది. అపశకునమని వాళ్ళే వెనక్కి తగ్గుతారని ఆవిడ ఆశ.

యర్రమ్మ పరుగున వచ్చింది, నాటుకోడి పులుసుతో. సోములమ్మ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తూ, "నీకేటైనా అయ్యేలోపు గుంట పెళ్ళి సూసీయాల ఒదినా. శనారం దాకా ఎందుకు? గురారమే తెచ్చీత్తాం బుర్ర" అని కళ్ళొత్తుకుంది. పులుసు అద్భుతంగా ఉంది. అది మరీ బాధ.

ఇక గురువారానికి మిగిలింది ఒక్కరోజు. ఏమీ తోచక సోములమ్మ కామెడీ షో పెట్టుకుని దిగులుగా కూర్చుంది. అందులో ఒకడు పక్కింటి కోడిని తినేసి, మూతికంటిన మసాలా కూడా తుడుచుకోకుండా, "నేను తింటూండగా ఎవరు చూశారో చెప్పండి" అని పంచాయతీలో ఎదురు తిరిగాడు. సోములమ్మ పకపకా నవ్వబోయి ఆగిపోయింది. నిజమే! ఆ పూట తను తాగుతుంటే ఎవరు చూశారు?

సోములమ్మ కబురంపగా మర్నాడు పొద్దున్నే బడి వరండాలో ఊరిపెద్ద ముందు రెండు ఊళ్ళవాళ్ళూ కూడారు. స్వర్ణ స్తంభం వెనక నిలబడింది. మంగ్లు కూడా వచ్చి, తల్లిదండ్రులు చూపిన చోట కూర్చున్నాడు.

"ఇచ్చిన మాట తప్పడం మన ఇంటా వంటా నేదు పెద్దయ్యా" అని సోములమ్మ మొదలుపెట్టింది. "నాను తాగినానని కళ్ళారా సూసినోళ్ళు ముందుకి రమ్మనండి. గుంటని ఇప్పుడే ఇచ్చీత్తాను."

"దొప్ప ఖాళీ అయిపోనాది గదా సెల్లీ!" అన్నాడు గాసి.

"ఖాళీ అవడం సూసినావా అన్నా?"

గాసి తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు తల గోక్కున్నాడు. ఇద్దరూ యర్రమ్మ వైపు చూశారు.

"నువ్వు ఎదురుగానే కూకున్నావు గదమ్మా, ఏటి సూత్తన్నావు మరి?" అని అడిగాడు ఊరిపెద్ద.

యర్రమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. "ఆడు ఆ గుంట సెయ్యి ఒట్టుకున్నాడు పెద్దయ్యా. ఏడాది నుంచి ఎదురు సూత్తన్నాం."

వరండాలో ఆడవాళ్ళంతా ఒక్కసారిగా అవునవునన్నారు. ఎర్ర చొక్కా బాగుందని ఒకామె, ఉంగరం తొడగాల్సిందని ఇంకొకామె. "ఉంగరం ఇయ్యాల తొడుగుతాడు" అని నోరుజారిన ఊరిపెద్ద వెంటనే దగ్గి, మీసం దువ్వుకున్నాడు.

"అది సరే. కల్లు దానంతటది ఆవిరైపోదు. ఎవరో తాగినారు. ఆ ఇంట్లో టీవీ సూడని మనిసి ఒక్కడే" అని భీముడి వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు బాబూ. నీ మాట మీద అనుమానం ఎవరికీ నేదు."

సోములమ్మ గుండె ఈసారి నిజంగానే జారిపోయింది. ఈ సంగతి తను మరిచేపోయింది. భీముడు అబద్ధం ఎరగడు. తన మేక పక్కవాళ్ళ చోడి మేస్తే వాళ్ళకంటే ముందు తనే వెళ్ళి చెప్పి తిట్లు తిని వచ్చే మనిషి. స్తంభం వెనక స్వర్ణ కళ్ళు మూసుకుంది.

భీముడు లేచి నిలబడ్డాడు. తుండుగుడ్డ భుజం మీద నుంచి తీసి, మళ్ళీ అదే భుజం మీద వేసుకున్నాడు.

"నానే తాగీసినాను."

"నువ్వా!"

"దాహమేసినాది. అందరూ టీవీలో ఉన్నారు గదాని దొప్ప ఎత్తీసి, ఎక్కడిది అక్కడ పెట్టీసినాను."

వరండా అంతా గొల్లుమంది. తండ్రి తాగిన కల్లు దాహం కిందికే వస్తుంది గాని మాట కిందికి రాదని ఊరిపెద్ద తీర్పు చెప్పాడు. గాసి కాసేపు మొహం ముడుచుకున్నాడు. ఆ తర్వాత తనకే నవ్వొచ్చి, "దొంగ బావా" అని భీముడి వీపు మీద ఒక్కటి చరిచాడు. యర్రమ్మ వెళ్తూ వెళ్తూ సోములమ్మ చెవిలో, "సమ్మందం పోతే పోనాది. మీ టీవీలో బొమ్మ బాగొత్తాది ఒదినా, సీరియల్లో పెళ్ళి నాడు నానొత్తాను" అంది. అప్పటికే స్వర్ణ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బడి వెనక్కి పరిగెత్తింది. ఆ వచ్చే ఆదివారమే రవిబాబు వాళ్ళ బుర్ర దిగుతుందని, ఆ పూట టీవీ ఆపి ఉంచాలని ఇంటికి చేరేలోపే కూతురి నుంచి తల్లికి ఉత్తర్వులు వచ్చేశాయి.

ఇంటి దారిలో భీముడు ముందు, సోములమ్మ వెనక నడిచారు. మిరియాల పాదుల దగ్గర సోములమ్మ అడిగేసింది.

"ఎప్పుడూ నేంది అబద్ధం ఆడినావేటయ్యా?"

"గుంట ఏడుత్తంది గదా."

"నిజంగా నువ్వు సూసినావా, నాను తాగడం?"

"సూసినాను."

సోములమ్మకు ఒళ్ళు మండిపోయింది. "సూసినోడివి ఆపొచ్చు గదా! సెయ్యి ఒట్టుకుని లాగీలేకపోనావా? ఇంత గోల అయ్యేదా?"

భీముడు ఆగలేదు, వెనక్కి తిరగలేదు. "ఎలాగ ఆపీది? పేమొచ్చినప్పుడు నువ్వు ఒకలాగ నవ్వుతావు. కామెడీకి నవ్వినట్టు కాదు, అది వేరు. అప్పుడు అలాగే నవ్వుతున్నావు. ఆపీసినానంటే నవ్వు పోద్ది గదా."

"నాను నవ్వడం నీకెలాగ తెలుసు?"

"రోజూ సూత్తాను గదా. టీవీలో ఏటుంటాది?"

సోములమ్మ చెంపలు వేడెక్కాయి. ఈ వయసులో ఇదేం కర్మ అనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ బక్క వీపు వెనకే నడిచింది.

సాయంత్రం స్వర్ణ షాపు నుంచి ఆలస్యంగా వచ్చేసరికి టీవీ మోగుతూనే ఉంది. తల్లి పీట మీదే ఉంది. తండ్రి మూల కూర్చుని బుట్ట అల్లుకుంటున్నాడు.

"ఉంగరం తొడిగినాడేటమ్మా?" అని ఆత్రంగా అడిగింది స్వర్ణ.

సోములమ్మ ఉలిక్కిపడి, మూల వైపు నుంచి తల తిప్పి టీవీని చూసింది. అక్కడ ఎప్పుడో వార్తలు మొదలైపోయాయి.

"ఏమోనే" అంది. "నాను సూడనేదు."