ఎడమచేతి బేస్

ఆదివారం పొద్దున గొడవ తొక్కు సీసా మూత దగ్గర మొదలైంది.

"గీ మూత బిగించినోళ్లెవరు? బిగించిన్రా, మీద పెట్టి పోయిన్రా?" మా అత్తమ్మ రుద్రమ్మ సీసాను చంకలో పెట్టుకుని హాల్లోకి వచ్చింది. "గాలి పోతే బూజు పడ్తది. మామిడికాయ కొట్టిచ్చింది నేను, నూనె కాచింది నేను."

"ఒక్క మూతకు ఇంత లొల్లేందమ్మా?" పేపరు దించకుండానే అన్నారు మా ఆయన సురేందర్.

"ఒక్క మూతనా? నిన్న సుత గిట్లనే. మొన్న సుత గిట్లనే."

"అయితే రేపటి సంది తొక్కు బంద్. పెరుగేసుకొని తిందాం."

"పెరుగు గిన్నెకు సుత మూత ఉంటది కొడుకా."

"అయితే నీళ్లు తాగుదాం!"

పేపరు దించారు. గొంతు కూడా పెరిగింది. మూత బిగించనిది ఎవరో మా ముగ్గురికీ తెలుసు. సీసాను గుండెకు అదుముకుని తిప్పితే మూత ఊడుతుంది. మళ్లీ బిగించాలంటే మాత్రం ఎడమ చెయ్యి సీసాను గట్టిగా పట్టుకోవాలి.

"నేనే నానమ్మా. మర్చిపోయిన," అని లోపలి గదిలోంచి రిషి అన్నాడు.

మర్చిపోలేదు. అత్తమ్మ తనే మూత బిగించుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

రిషి మా ఒక్కగానొక్క కొడుకు. ఇరవై నాలుగేళ్లు. పదమూడో ఏట బేస్ గిటార్ పట్టాడు. నాలుగు లావు తీగలు, మామూలు గిటార్ కంటే పొడుగు మెడ, పాట అడుగున మోగే బరువైన శబ్దం. పాట వినేవాళ్లు దాన్ని పట్టించుకోరు గానీ అది ఆగిపోతే పాట కుంగిపోతుందని వాడే నాకు వినిపించి చూపించాడు. డిగ్రీ అయ్యాక నలుగురు స్నేహితులతో కలిసి హోటళ్లలో వాయించేవాడు, పగలు పిల్లలకు నేర్పేవాడు. వాడికి ఇంకో పని మీద మనసు లేదు.

మాకు సనత్‌నగర్‌లో చిన్న షెడ్డు ఉంది. ఇనుప రేకుల్ని ప్రెస్ మెషీన్ల కింద పెట్టి ఫ్యాన్లకు కావాల్సిన పట్టీలు కొడతారు. ఆ మెషీన్‌కు అటొకటి ఇటొకటి రెండు బటన్లు. రెండు చేతులూ రెండు బటన్ల మీద ఉంటేనే పైనుంచి దెబ్బ పడుతుంది, అంటే ఏ చెయ్యీ కింద ఉండదు. అలా అయితే పని నిదానంగా సాగుతుందని మా ఆయన బటన్లు తీయించి కాలి పెడల్ పెట్టించారు. ఆ మెషీన్ నడిపే నర్సింహులు దసరాకు ముందు ఊరికి పోయాడు. నాలుగు రోజుల కోసం రిషిని కూర్చోబెట్టారు. మూడో రోజు రేకు కాస్త వంకరపోతే సరిచేయడానికి వాడి ఎడమ చెయ్యి ముందుకు వెళ్లింది. కాలు పెడల్ మీదే ఉంది.

బంజారా హిల్స్ ఆసుపత్రిలో తొమ్మిది గంటలు కుట్టారు. ఉంగరపు వేలు, చిటికెన వేలు బతికాయి. రంగు తిరిగి వచ్చింది. కదలిక రాలేదు, స్పర్శా రాలేదు. రెండూ కొక్కేల్లా వంగి అలాగే ఉండిపోయాయి. ఏడు నెలలుగా మా ఆయన షెడ్డు నుంచి రాగానే చెప్పులు విడవకముందే, "ఏదీ, జర ముడువు," అంటారు. వాడు చెయ్యి చాపుతాడు. ఆయన చూసి, "నిన్నటికంటె నయమే," అంటారు.

తీగలు నొక్కేది ఆ చేత్తోనే. స్నేహితులు ఐదు నెలలు ఆగి ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేను.

ఈమధ్య ఒక కంపెనీ అరవై ఏళ్ల కిందటి నమూనాలో బేస్‌లు కొన్నే చేసి వదిలింది. రిషి పదహారేళ్లప్పటి నుంచి ఫోన్‌లో పెట్టుకుని చూసుకునే బొమ్మ ఆ పాత నమూనాదే. పంజగుట్టలో ఒక దుకాణానికి మూడు వచ్చాయని మా ఆయన ఎలాగో కనుక్కున్నారు. "కొత్తది మెత్తగుంటది. వాయిస్తుంటె వేళ్లే దారికొస్తయ్," అని తనే బయల్దేరదీశారు. అమీర్‌పేట నుంచి మెట్రోలో ఒక్క స్టేషనే. ఆ రెండు నిమిషాలూ రిషి ఎడమ చెయ్యి జేబులోనే ఉంది.

దుకాణం మూడో అంతస్తులో. నడిపే తారక్‌కు రిషి బాగా తెలుసు. "దా భాయ్! ఆంటీ, నమస్తే. కూర్చోండ్రి అంకుల్," అని మర్యాద చేశాడు. చూపు మాత్రం రిషి జేబు మీదికి ఒకసారి వెళ్లి వచ్చింది.

రెండింటిని తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి నారింజ రంగు, అంచుల దగ్గర కాలినట్టు నల్లబడింది. రెండోది వెలిసిన పచ్చ.

"గిదేంది, సర్కారు ఆఫీసు గోడ లెక్కున్నది," అన్నారు మా ఆయన.

"గా రంగుకే మస్తు గిరాకీ అంకుల్. అప్పట్ల కార్లకేసే రంగంట. ఎన్కకు సూడున్రి, ఎన్నోదో నంబర్ సుత ఉంటది."

"నంబర్ సంగతి ఇడిచిపెట్టు. వేళ్లకు ఏది అల్కగుంటది?"

తారక్ రెండు మెడలూ పట్టుకుని చూసి, "పచ్చదాని మెడ సన్నం. ఆరెంజ్‌ది లావు, గని శబ్దం దానిదే," అన్నాడు.

రిషి నారింజదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. తారక్ దాని వైరును స్పీకర్‌కు తగిలించాడు. రిషి తల దగ్గరి మరలు తిప్పి శ్రుతి సరిచూసుకున్నాడు. మొదటి నాలుగు దెబ్బలకు అద్దాల బీరువా సన్నగా వణికింది. ఏడు నెలల తరువాత ఆ శబ్దం వింటున్నాను. తరువాత చెయ్యి మెడ మీద పైకి జరిగింది. చూపుడు వేలు, నడిమి వేలు నొక్కుతున్నాయి. మిగిలిన రెండూ రావాల్సిన చోట శబ్దం రాలేదు. వాడు ఆ ఖాళీని దాటి ముందుకు పోయాడు. మళ్లీ ఖాళీ. తారక్ ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు.

"అలవాటు తప్పింది గంతే," అన్నారు మా ఆయన. "పచ్చది చూడు."

అప్పుడు చూశాను. గిటార్ తల మీద, తెల్ల చెక్క మీద, ఎర్రటి చారిక. మరల దగ్గర తీగ కొసలు కత్తిరించిన చోట మొన ఉంటుంది. చిటికెన వేలు దాని మీద గీసుకుని తెగింది. వాడికి తెలియలేదు. రక్తం మణికట్టు దాకా జారుతున్నా వాడు పచ్చదాని కోసం చెయ్యి చాపుతున్నాడు.

"రిషీ, చెయ్యి," అన్నాను.

వాడు చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి చూసినట్టు చూశాడు. తారక్ పరుగున దూది తెచ్చాడు. మా ఆయన చెక్క మీది మరకను తన చేతి రుమాలుతో తుడుస్తూ, "ఏం కాలే, ఏం కాలే. జర గీరుకున్నది," అని ఆపకుండా అంటూనే ఉన్నారు.

గోడకు ఒకటి వేలాడుతోంది. అదే ఆకారం, పాలమీగడ రంగు, కానీ అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంది.

"అదేమిటి, అట్ల ఉంది?" అని తారక్‌ను అడిగాను.

"అది మూడోది ఆంటీ. ఎడమచేతి వాళ్లది. కుడి చేత్తోని తీగలు నొక్కి ఎడమ చేత్తోని వాయిస్తరు. బెంగళూరు ఆయనెవరో తెప్పియ్యమని చెప్పి, మళ్ల వద్దన్నడు."

"మనకెందుకు గది," అన్నారు మా ఆయన. ఇంతలో షెడ్డు కాపలా చూసే కనకయ్య దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ మెట్ల వైపు వెళ్లారు.

"ఒకసారి పట్టుకో," అన్నాను.

"అమ్మా, పదకొండేండ్లు నేర్చుకున్న. అది పట్టుకుంటె మళ్ల సున్న. నేను నేర్పిన పిల్లలు సుత నాకంటె మంచిగ వాయిస్తరు."

"పట్టుకోమన్నా, అంతే."

దూది చుట్టిన చేత్తో తీసుకున్నాడు. నాకు సంగీతం తెలియదు, కానీ మనిషి ఎలా కూర్చున్నాడో తెలుస్తుంది. వాడి భుజం వెంటనే కుదురుకుంది.

రిషి పుట్టుకతో ఎడమచేతి వాటం. క్రేయాన్, చెంచా, బంతి, అన్నీ ఎడమ చేతికే పోయేవి. మా అత్తమ్మ, "పంక్తిల ఎడమ చేత్తోని తినేటోని పక్కన ఎవలు కూసుంటరు? దేవుని ప్రసాదం గా చేత్తోని తీసుకుంటడా?" అంది. బళ్లో వేసే ముందు మాన్పించాలని అందరూ అన్నారు. నేను బీఎస్సీ చదివినదాన్ని. ఏ చేతి వాటమైనా మెదడులో ఉంటుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా వాడి ఎడమ చేతికి మేజోడు తొడిగి మణికట్టు దగ్గర దారం కట్టాను. నాలుగు నెలలు. పొద్దున లేవగానే కట్టి, పడుకునేటప్పుడు విప్పేదాన్ని. ఏ పనైనా సగంలో వదలడం నాకు చేతకాదు. ఒక్క రోజు కూడా మరిచిపోలేదు. ఆ తరువాత వాడు అన్నీ కుడి చేత్తోనే నేర్చుకున్నాడు, గిటార్ కూడా.

వాయించాడు. కుడి చేతి వేళ్లు పసిపిల్లాడి నడకలా తడబడుతున్నాయి, కానీ నాలుగూ నొక్కుతున్నాయి. ఎడమ చేతి చూపుడు, నడిమి వేళ్లు తీగల మీద తిన్నగా నడిచాయి. అంతలో టప్పున ఒక మోత. వంగిపోయిన రెండు వేళ్లూ కింది తీగలకు తగులుకుంటున్నాయి. ఎత్తి పట్టుకోబోయాడు. అవి ఎత్తితే లేచేవి కావు. మళ్లీ వాయించాడు, మళ్లీ తగిలాయి.

"అడ్డమొస్తున్నయ్," అన్నాడు. తనలో తనే అన్నాడు.

మా ఆయన తిరిగి వచ్చి గుమ్మంలోనే ఆగారు. "ఏందది? దించు. ఎడమ చేతిదేంది, అపశకునం! తారక్, ఆరెంజ్‌ది కట్టు."

"ఆగు డాడీ." రిషి దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. "తారక్, సాయంత్రం దాక మూడింటిని ఉంచు భాయ్. అన్నం తిని ఫోన్ చేస్త."

"ఫికర్ చెయ్యకు. నువ్వు వద్దన్నంకనే ఇంకొకరికి."

తిరిగి వస్తుంటే మెట్రోలో మా ఆయనకు దూరంగా సీటు దొరికింది. మేమిద్దరం తలుపు దగ్గర నిలబడ్డాం.

"చిన్నప్పుడు నువ్వు..." అని మొదలుపెట్టాను.

"తెల్సు. మేజోడు. నానమ్మ వచ్చినోళ్లందరికీ చెప్పి నవ్వుతది కద."

"నేనే కట్టినా."

"అది సుత తెల్సు," అన్నాడు. వేలి మీది దూది సర్దుకుంటూ, "నువ్వు కట్టకపోయినా నాకు నేర్పినాయన కుడి చేతిదే ఇస్తుండె, అమ్మా. ఆయన దగ్గర అదొక్కటే ఉండె," అన్నాడు. నన్ను ఓదార్చడానికి అబద్ధమాడుతున్నాడని తెలుసు.

ఇంటికి చేరేసరికి రెండైంది. అత్తమ్మ కోడికూర వండి ఉంచింది. నలుగురం కూర్చున్నాం. మా ఆయన ఉత్సాహం తెచ్చిపెట్టుకుని నారింజ రంగు గురించి చెబుతున్నారు. ముందుగదిలో గోడకు ఎక్కడ తగిలించాలో కూడా చెప్పారు.

"గోడకెందుకు?" అన్నాడు రిషి.

"వాయించనప్పుడు పెట్టాలె కదరా."

రిషి ముద్ద దించాడు. "డాడీ, నేను ఎడమ చేతిదే తీసుకుంటున్న."

"దిమాక్ ఖరాబైందా? దాంతోని సుత వేళ్లు తగులుతుంటె గుమ్మంల నిలబడి చూసిన."

"అందుకే. ఈ రెండు వేళ్లు తీసేయించుకుంటున్న. శుక్రవారం ఫిజియోకు పోయినప్పుడు డాక్టర్‌ను అడిగిన. ఇగ రావు అన్నడు. తీస్తే మిగిలిన చెయ్యన్న పనికొస్తది అన్నడు. ఇయ్యాల దాక తేల్చుకోలేకపోయిన. సరే అనుకుంటె గురువారం పొద్దున రమ్మన్నడు."

"వేళ్లు తీసుడేంది బిడ్డా! బతికినయ్ కద!" అత్తమ్మ గరిటె కూర గిన్నెలోకి జారిపోయింది.

"బతికినయ్ నానమ్మా. రక్తం కారితే సుత నాకు తెలుస్తలేదు."

"ఇంకో ఆర్నెల్లు చూద్దాం," అన్నారు మా ఆయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఆర్నెల్లే. నువ్వు రోజూ ముడుస్తుంటె నేను చూస్తలేనా? నయమైతున్నది."

"ఏం నయం కాలే డాడీ. ఒక్క రోజు సుత కాలే. నువ్వు అడుగుతవని చాపుతున్న."

ఆ రెండు వేళ్లూ వాడి చేతికి ఉన్నంతకాలం, తన షెడ్డులో పోయాయని ఆయన అనుకోనక్కర్లేదు. నేను ఆయన్ను తప్పుపట్టలేను. నాకూ అలాంటిదే ఒకటుంది, ఆ మేజోడు.

"మళ్ల మొదటి సంది నేర్చుకుంట. రెండేండ్లు పడ్తదో, నాలుగు పడ్తదో. రాకపోవచ్చు సుత," అన్నాడు రిషి. "ఆసుపత్రి కాగితం మీద నాది కాక ఇంట్లోవాళ్ల సంతకం ఒకటి కావాలన్నరు. నువ్వు పెట్టాలె డాడీ."

మా ఆయన తల అడ్డంగా ఊపారు. కోపం లేదు. ఊపుతూనే ఉన్నారు. "నా చేత్తోని కాదు," అన్నారు.

పెళ్లయి ఇరవై ఆరేళ్లు. బడి కాగితమైనా, బ్యాంకు కాగితమైనా సంతకం ఆయనదే. నేను చదివి, ఎక్కడ పెట్టాలో చూపించేదాన్ని.

"నేను పెడ్త," అన్నాను. "గురువారం నేనే తీసుకపోత."