నెమలి ఈకల్లో తిట్టు

పంతొమ్మిదివందల అరవయ్యేడు వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో హిప్పీలుండే హెయిట్ వీధి మొత్తం వెతికినా లోవెల్ అంతటి త్యాగి దొరకడు. నిరుటి దాకా బూట్ల కొట్టులో అమ్మకాలు చూసినవాడు, ఇప్పుడు మెడనిండా పూసలేసుకుని ఉత్తకాళ్లతో తిరుగుతాడు. పోస్టర్లు అచ్చువేయించి డాలరుకొకటి అమ్ముతాడు. వాటిని గీసే కొరీన్ ఏడాదిగా అడిగింది ఒక్కటే, కింది మూలన తన పేరు.

"పేరా! అదంతా అహం చెల్లీ," అన్నాడు కళ్లు మూసుకుని. "కళ అందరిదీ."

అందరిదైన ఆ కళ కింద లోవెల్ కంపెనీ పేరు మాత్రం నిక్షేపంగా ఉండేది. అది అహం కాదు కాబోలు.

కొరీన్‌కి ఒళ్లు మండింది. ఆ వీధిలో పోస్టరన్నాక అక్షరాలు మెలికలు తిరగాలి, చదవడానికి పావుగంట పట్టాలి. చదవలేకపోయానంటే పాతకాలపు మనిషని నవ్వుతారు గనుక ఎవరూ ఆ మాట అనరు. ఆమె ఊదారంగు నెమలిని గీసి, ఈకల నిండా మెలికలు తిప్పి రాసింది: 'లోవెల్ దొంగ. గీసినవాళ్ల పేర్లు మింగేస్తాడు. కొనకండి.'

లోవెల్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఆహా! చదువుతుంటే ఒళ్లు పులకరిస్తోంది చెల్లీ!"

చదివింది ప్రెస్సు నడిపే ముసలి హాగోప్ ఒక్కడే. నలభై ఏళ్లుగా తిరగేసిన అక్షరాలతో కాపురం చేస్తున్నవాడు మరి.

"అమ్మాయీ, నిజంగా ఇది అచ్చేయమంటావా?"

"వేయండి హాగోప్ గారూ."

"అయితే రంగు కాస్త దట్టంగా పట్టిస్తాలే," అన్నాడాయన.

పదిరోజుల్లో ఎవరో గుట్టు విప్పారు. "ఏదీ, ఆ దొంగ పోస్టరు?" అంటూ జనం కొట్టు మీద విరగబడ్డారు. లోవెల్‌కీ తెలిసిపోయిందని విని, తాడోపేడో తేల్చుకుందామని కొరీన్ వెళ్లింది.

వాడు ఎదురొచ్చి వాటేసుకున్నాడు. "ఏం తిట్టావు తల్లీ! ఐదువేల కాపీలు ఎగిరిపోయాయి!"

"నీకు కోపం రాలేదా?"

"అమ్ముడుపోతుంటే కోపమెందుకే పిచ్చిదానా! ఇకనుంచి నీ పేరు పెద్దక్షరాల్లో వేస్తా. శుక్రవారానికి ఇంకో మూడు తిట్లు గీసివ్వు. ఇంకాస్త ఘాటుగా!"

దున్నపోతు మీద వాన.

కొరీన్ గదికెళ్లి కాగితం పరిచింది. ముందు కింది మూలన తన పేరు రాసుకుంది, ఎవరైనా ఇట్టే చదివేలా. ఆపైన కుంచె పట్టుకుని సాయంత్రందాకా కూర్చుంది. మిగతా కాగితం తెల్లగానే ఉంది. తోచిన ప్రతి తిట్టూ వాడికి డాలరే.