చిన్న డబ్బా చెప్పే జవాబు

నేను ఒక స్టీలు డబ్బాల సెట్టును. ఒకదాని కడుపులో ఒకటిగా ఐదు డబ్బాలం. అయినా "మేము" అనడం నాకు అలవాటు లేదు. మూత పెడితే బయటికి కనిపించేది ఒక్కటే కదా!

ఒక గృహప్రవేశానికి కానుకగా వెళ్ళి, అట్టపెట్టె విప్పకుండానే అక్కణ్ణుంచి ఒక పెళ్ళికి వెళ్ళి, చివరికి కాకినాడలో పాలిటెక్నిక్ లెక్చరర్ సువర్చల ఇంట్లో తేలాను. ఇచ్చినవాళ్ళ పేరు నా మీద కొట్టించి ఉంటే ఈ దేశాటన తప్పేది. మనుషులు తెలివైనవాళ్ళు, కొట్టించరు.

సువర్చల క్లాసులో నూకరత్నం అనే పిల్ల ఉండేది. రికర్షన్, అంటే తనను తానే మళ్ళీ పిలుచుకునే ప్రోగ్రాం, ఆ పిల్లకు కొరకరాని కొయ్య. ఆ సబ్జెక్టు పరీక్ష ఇంతకుముందే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే చదువు మాన్పించి రొయ్యల ఫ్యాక్టరీలో పెడతానని తండ్రి తేల్చి చెప్పేశాడు.

బోర్డు మీద బాణాలు గీసీ గీసీ విసిగిన సువర్చల, నా డబ్బాలన్నిటిలో చీటీలు వేసి, మర్నాడు నన్ను సంచిలో క్లాసుకు మోసుకెళ్ళింది.

"మొత్తం ఎన్ని డబ్బాలో పెద్దదానికి తెలీదు. లోపలిదాన్ని అడిగి, వచ్చిన జవాబుకి ఒకటి కలుపుతుంది. లోపలిదీ అంతే. అన్నిటికన్నా చిన్నది మాత్రం ఎవర్నీ అడగదు, 'ఒకటి' అంటుంది. తియ్యి రత్నం!"

నూకరత్నం మూతలు తీస్తూ పోయింది. నాలుగోదాంట్లో చీటీ ఉంది గాని, చిన్నడబ్బా లేదు. పొద్దున్నే సువర్చల అత్తగారు దాంట్లోని చీటీ పారేసి ఇంగువ పోసుకున్నారని నాకు తెలుసు, పాపం సువర్చలకు తెలియదు. క్లాసంతా గొల్లుమంది. ఆవిడ ముఖం మాడిపోయింది.

నూకరత్నం నవ్వలేదు.

"మేడమ్, దీంట్లోనూ 'లోపలిదాన్ని అడుగు' అనే ఉందండి. లోపలెవరున్నారండీ అడగడానికి?" అని, ఒక్కసారి అరిచినంత పని చేసింది. "నా ప్రోగ్రామూ ఇంతేనండి! అడగమనే రాత్తన్నానండి, ఎక్కడాగాలో రాయట్లేదండి. అందుకే కంప్యూటర్ బిగుసుకుపోతందండి!"

"ఓసి నీ దుంపతెగ! ఇన్నాళ్ళూ నేను మొత్తుకున్నది అదే కదే!" అంది సువర్చల.

మర్నాడు చిన్నడబ్బా ఇంగువ వాసనతో వచ్చింది. నూకరత్నం దాన్ని పట్టుకుని "ఒకటి" అంది. ఒక్కోదాన్నీ పైదాంట్లో పెడుతూ రెండు, మూడు, నాలుగు, ఐదు అంటూ వెనక్కి వచ్చింది. స్టీలుకు ఇలాంటివి ఉండకూడదు గాని, నాకు భలే సంతోషం వేసింది.

పరీక్ష గట్టెక్కాక సువర్చల చిన్నడబ్బాను ఆ పిల్లకే ఇచ్చేసింది. నేను నాలుగు డబ్బాలుగా అటకెక్కాను. ఇంగువ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది.

కొన్నేళ్ళు గడిచాక, మొన్న దుమ్ము దులుపుతూ అత్తగారు నన్ను విప్పి చూశారు.

"చిన్నదేదే, సువర్చలా?"

"రత్నంతో హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది, అత్తయ్యా."