మంచు మందం చెప్పే పేజీ

సోల్వేగ్ హౌగెన్ బడి లైబ్రరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఒక పని నెత్తినేసుకుంది. చలికాలమంతా రోజూ పొద్దున్నే, గడ్డకట్టిన సరస్సు మీద మంచుకు కన్నం వేసి, ఎంత మందం ఉందో కొలిచి వెబ్‌సైట్‌లో పెట్టేది. మిన్నెసోటాలోని ఆ ఊళ్లో చేపలు పట్టేవాళ్లు ఆ పేజీ చూశాకే మంచు మీద అడుగుపెట్టేవారు.

మార్చిలో పాత సర్వర్ మొరాయించింది. వారం రోజులు పేజీ మార్చడం కుదరలేదు. ఆదివారం ఆమె సైటును ఇంకో కంపెనీ సర్వర్‌లోకి మార్చింది. సైటు పేరు మాత్రం పాతదే. సోమవారం కొలిస్తే మంచు నాలుగే అంగుళాలు, అదీ గుల్లబారి ఉంది. ‘ఎవరూ దిగవద్దు’ అని ఎర్ర అక్షరాలతో పెట్టి కిటికీలోంచి చూసింది. పొరుగింటి ఆర్వో నీమి, మంచు మీద జారే స్లెడ్డు బండి లాక్కుంటూ ఒడ్డుకు పోతున్నాడు.

ఇంటి చెప్పులతోనే పరుగెత్తింది.

“ఆర్వో! ఆగు! పేజీ చూడలేదా?”

“చూశానమ్మా. పది అంగుళాలన్నావుగా?”

“నాలుగు!”

అతను ఫోన్ చూపించాడు. అందులో వారం కిందటి పేజీ ఉంది.

“తేదీ చూడొద్దూ?”

“నువ్వు రాశావంటే ఇవాళ్టిదే అనుకుంటా. నీ మాటకి తేదీ ఏంటి?”

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది.

కొత్త పేజీ అతనికెందుకు కనిపించలేదో అడుగుదామని కొత్త కంపెనీకి ఫోన్ చేస్తే రెనాటా అనే అమ్మాయి ఓపికగా చెప్పింది.

“పేరు మీదే మేడమ్, దారే మారింది. ఆ పేరుకి అడ్రస్ ఏంటో ఇంటర్నెట్ వాళ్లు ప్రతిసారీ అడగరు, ఒకసారి అడిగి కొన్ని గంటలు గుర్తుపెట్టుకుంటారు. కొందరి దగ్గర ఇంకా పాత అడ్రసే ఉంది. రేపటికల్లా అందరికీ సర్దుకుంటుంది.”

“రేపటిదాకా మంచు ఆగదమ్మా.”

“అయితే పాత సర్వర్‌లో కూడా మార్చేయండి. అక్కడికి వెళ్లేవాళ్లకీ తెలుస్తుంది.”

నాలుగోసారికి గానీ పాత సర్వర్ ఆమె మాట వినలేదు. రెండు చోట్లా ఎర్ర అక్షరాలు, పైన పెద్దగా తేదీ పెట్టింది. అయినా మనసు ఒప్పక ఒడ్డుకు వెళ్లింది. అక్కడ ఆర్వో స్లెడ్డు మీద కూర్చుని, పక్క ఊరి నుంచి వచ్చిన ఇద్దరిని వెనక్కి పంపిస్తున్నాడు.

“పది అంగుళాలని ఉందండీ!” అంటున్నాడు ఒకడు.

“నేనూ అదే చూశాలే. ఆ రాసినావిడే ఇదిగో, అడుగు.”

సోల్వేగ్ తలొంచుకుని, “అది పాతది. తప్పు నాదే,” అంది.

వాళ్లు కారెక్కేదాకా ఆమె అక్కడే నిలబడింది. తను చూడకముందు ఇంకెవరైనా దిగారేమోనని మంచు మీద అడుగుజాడల కోసం చాలాసేపు వెతికింది. ఒక్కటీ కనిపించలేదు.