పెయింటు గది బొగ్గు

పని నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే ఫిల్టరమ్మ ముక్కుకు పెయింటు వాసన తగిలింది. బట్టలకు అంటుకుని తనతోనే వచ్చిందేమో అనుకుంది. కాదు, పెరట్లోంచి వస్తోంది.

ఆమె అసలు పేరు ఫ్యాక్టరీలో ఎవరికీ గుర్తులేదు. గాలి ఫిల్టర్లు విప్పి, పని అయిపోయిన నల్లటి బొగ్గు గుళికలు దులిపి, కొత్తవి నింపడం పన్నెండేళ్లుగా ఆమె పని. అందుకని అందరికీ ఫిల్టరమ్మే.

పెరట్లో మామగారు గొంతుక్కూర్చుని, టమాటా మడిలో ఆ గుళికలే మట్టితో కలుపుతున్నారు. మోచేతుల దాకా నలుపు.

"మీ ఫ్యాక్టరీవాళ్లే పంచారమ్మా, ఊరికే! తోట ఉన్న ప్రతి ఇంటికీ ఒక బస్తా. నెల నుంచీ ఇస్తున్నారట, మన వంతు ఇవాళొచ్చింది" అన్నారు సంబరంగా.

బస్తా మీద పచ్చకాగితం అతికించి ఉంది: 'నేలకు బలం. ఉచితం.' ఫిల్టరమ్మ గోటితో ఒక మూల గీరి లాగింది. అడుగున తన చేతిరాతే కనిపించింది: 'పెయింటు గది. వాడేసినది. పారబోయరాదు.'

ఆమెకు ఒళ్లు భగ్గుమంది.

"మామయ్యా, ముందు లేచి చేతులు కడుక్కోండి."

"బొగ్గే కదమ్మా! మా అమ్మ పొయ్యి బొగ్గు నలగ్గొట్టి పాదులకు వేసేది. కాయలు విరగకాసేవి."

"ఆ బొగ్గు ఏ పాపం ఎరగదు. ఇది ఆరు నెలలు పెయింటు ఆవిర్లు తాగింది. గాలిలో ఉన్న చెడంతా పట్టి దాచుకోవడమే దీని పని. అలాంటిదాన్ని తెచ్చి మన కూరల కింద పోశారు."

మామగారు కుళాయి దగ్గరికి నడిచారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి దిగిన మనిషి. ఆ నాలుగు మళ్లే ఇప్పుడు ఆయన లోకం.

ఫిల్టరమ్మను ఎక్కువ కాల్చింది ఇంకొకటి. బొగ్గు మట్టిలో కలపాలన్న ఆలోచన తనదే. రెండు నెలల కిందట మీటింగులో చేయెత్తి తనే చెప్పింది: ఆఫీసు ఉండే ముందు గది ఫిల్టరులో బొగ్గు మనుషుల చెమట వాసన, కాగితాల దుమ్ము తప్ప ఏమీ పట్టదు, పారేసే బదులు పూలకుండీల మట్టిలో కలుపుకోవచ్చు అని. పెయింటు గదిది మాత్రం వద్దు, ఆ బొగ్గు అమ్మినవాళ్లకే తిప్పి పంపితే వాళ్లు కొలిమిలో కాల్చి బాగుచేస్తారు అని కూడా చెప్పింది. మేనేజరు మొదటి ముక్క మాత్రం పట్టుకున్నాడు. తిప్పి పంపడానికి లారీ పిలిపించాలి, కాగితాలు రాయాలి. పంచడానికైతే పచ్చకాగితం చాలు.

మర్నాడు పొద్దున్నే అతని గదిలోకి వెళ్లి, చింపిన కాగితం బల్ల మీద పెట్టింది.

"నువ్వేగా చెప్పింది?" అన్నాడతను తల ఎత్తకుండానే.

"నేను చెప్పింది పూలకుండీలకి, ముందు గది బొగ్గు. మీరు పంచింది పెయింటు గదిది. నా రాత మీద కాగితం అతికించి మరీ పంచారు."

"బొగ్గు బొగ్గే. గోరంతలు కొండంతలు చెయ్యకు. ఎవరైనా చచ్చారా?"

"చచ్చాకే అడగాలా సార్? అంత మంచిదైతే మీ పెరట్లో ఎందుకు పోసుకోలేదు?"

అతను ఫోను తీసి చెవికి పెట్టుకున్నాడు. అది మోగనే లేదు.

ఆమె ఆ రోజుకు సెలవు చీటీ రాసిచ్చి ఇంటికి వచ్చేసింది. మామగారు అప్పటికే మడి తవ్వేశారు. కాయలున్న మొక్కలు కూడా వేళ్లతో సహా గోనెల్లోకి ఎక్కాయి. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పద. ఏయే ఇళ్లకిచ్చారో నాకు తెలుసు. వ్యాను నేను నడుపుతా" అన్నారు.

పక్కవీధి కూరగాయలాయన వ్యాను అడిగి తెచ్చుకుని గడప గడపా ఎక్కారు. కొందరు గబగబా బస్తా తెచ్చి ఇచ్చారు. కొందరు, "మొక్కలు నవనవలాడుతున్నాయి, నీకేం నొప్పి?" అని తలుపు వేశారు. "మొక్క నవనవలాడితే మనకేం తెలుస్తుందమ్మా, తినేది మనం కదా" అని ఆమె ప్రతి గుమ్మంలోనూ మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. గొంతు బొంగురుపోయింది.

మధ్యాహ్నం దాటాక దొరికిన బస్తాలన్నీ తెచ్చి ఫ్యాక్టరీ గేటుకు అడ్డంగా దింపారు. పచ్చకాగితాలన్నీ పీకేసి, తన రాత బయటికి కనిపించేలా పేర్చింది. ఫ్యాక్టరీ సరుకు కొనేముందు చూసుకోవడానికి వచ్చిన పెద్దమనుషుల కారు బయటే ఆగిపోయింది. వాళ్లలో ఒకాయన కిందికి దిగి, ఒక్కో బస్తా మీద రాసింది చదివాడు.

"పరువు తీశావు కదే!" అన్నాడు మేనేజరు పళ్ల బిగువున.

"ఉంటే కదా తియ్యడానికి" అన్నారు మామగారు.

మర్నాడే లారీ వచ్చింది. బస్తాలు కొలిమికి వెళ్లాయి. మేనేజరు తన కుర్చీలోనే ఉన్నాడు. ఫిల్టరమ్మను మాత్రం స్టోరులో పెట్టెలు లెక్కపెట్టే పనిలోకి మార్చారు. అడిగితే, "నీ ఆరోగ్యం కోసమే" అన్నారు. ఆ మాట విని ఆమెకు నవ్వు రాలేదు. ఫిల్టర్ల పనికి పెట్టిన కొత్తమనిషిని పక్కకు పిలిచి, బస్తా మీద రాయడమే కాదు, కాగితంతో కప్పడానికి వీల్లేకుండా మూతి కుట్టిన దారం మీద కూడా ఎర్రరంగు పూయమని చెప్పింది.

ఇంకా మూడిళ్లు బస్తా తిరిగి ఇవ్వలేదు. ఆదివారం ఆమె, మామగారు మళ్లీ బయలుదేరారు. మొదటి ఇంట్లో ఆ బొగ్గు కలిపిన పాలకూర మడి అప్పటికే కోసేసి, ఖాళీగా ఉంది.

"బాగుందమ్మా, లేతగా" అంది ఆ ఇల్లాలు. "పిల్లలు ఇష్టంగా తిన్నారు."

"పిల్లలెక్కడ?" అంటూ ఫిల్టరమ్మ గుమ్మం దాటి లోపలికి నడిచింది. మామగారు పలుగు అందుకుని మడిలోకి దిగారు.