చల్లగా ఉండాల్సిన మందు

రెండో ఇంజెక్షన్ వేసినా రక్తం ఆగలేదు. డాక్టరు అరచేతి కింద బాలింత గర్భసంచి గట్టిపడకుండా తడిపిండిలా మెత్తగానే ఉంది. బిడ్డ పుట్టగానే ప్రతి తల్లికీ ఇచ్చే మందే. రక్తం ఎక్కువగా పోకుండా ముందే కాపాడాల్సింది. ఇన్నేళ్ళలో ఇలా మొండికేయడం ఆమె చూడలేదు.

"ఇది వద్దు. బీరువాలో మాత్రలున్నాయి, అవి తే," అంది ఆయాతో.

ఆయా తెచ్చిచ్చి గొంతు తగ్గించింది. "అమ్మా, ఆ సూదిమందు నెలంతా కిటికీలోనే ఉంది. ఫ్రిజ్‌లో సారు తన కూల్‌డ్రింకులు పెట్టించారు. మీరొస్తున్నారని మొన్న మళ్ళీ లోపల సర్దించారు. నోరెత్తితే ఉద్యోగం ఉండదన్నారు."

డాక్టరు మాత్రలు బాలింత నాలుక కింద పెట్టి, పొత్తికడుపు మీద చేత్తో రుద్దుతూ ఉండిపోయింది. నెలంతా. మండే ఎండల్లో. ఆ నెల తను ఇంట్లో ఉంది. అత్తగారికి మోకాలి ఆపరేషనైతే, "ఇంట్లో డాక్టరుండగా బయట నర్సు దేనికి? నలుగురూ నవ్వుతారు," అన్నాడు ఆసుపత్రి వ్యవహారాలు చూసే భర్త, ఆయా చెప్పిన ఆ సారే. "ఇంత చదివింది, దుప్పటి పరవడం రాదు," అని అత్తగారు చూడవచ్చిన చుట్టాలను నవ్వించేది. తనూ నవ్వేది. పాలు విరిగినా, తాళంచెవి కనపడకపోయినా తప్పు నాదేనంటే గొడవ అక్కడితో ఆగిపోతుందని ఎప్పుడో నేర్చుకుంది.

చేతి కింద గర్భసంచి మెల్లగా గట్టిపడింది. రక్తం తగ్గింది. కాసేపటికి బాలింత కళ్ళు తెరిచి నీళ్ళడిగింది.

బయట వరండాలో డాక్టరు భర్త, బాలింత తల్లిని ఓదారుస్తున్నాడు. "మీ అమ్మాయి ఒంట్లో బలం లేదు పిన్నిగారూ. అందుకే ఇంత పనైంది."

"నేనే సరిగా తిండి పెట్టలేదు బాబూ," ఆవిడ కళ్ళొత్తుకుంది.

"చెప్పవోయ్, రక్తం తక్కువనేగా?" అన్నాడు బయటికొచ్చిన భార్యను చూసి.

తల ఊపితే సరిపోయేది. డాక్టరు వెళ్ళి ఆ తల్లి పక్కన కూర్చుంది.

"అమ్మాయి బాగుంది. మీ తిండిలో లోపం లేదు, తన ఒంట్లోనూ లేదు. మేమిచ్చిన మందు పనిచేయలేదు. చల్లగా ఉంచాల్సినదాన్ని ఎండలో పెట్టి పాడుచేశారు."

"ఎవరమ్మా?"

"అబ్బే, మా ఆయాకి తెలీక..." అంటూ భర్త నవ్వబోయాడు.

"ఆయా కాదు," అంది డాక్టరు, లోపలిదాకా వినపడేలా. "ఈయన. మా ఆయన."